ఆన్‌లైన్ జిగ్‌సా పజిల్ ఎలా ఆడాలి? మజా తగ్గకుండా, నిద్ర పాడవకుండా

బొమ్మను ముక్కలు చేసి మళ్లీ కలిపే జిగ్‌సా పజిళ్ల గురించి అడిగేవాళ్లు తిప్పి తిప్పి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఎన్ని ముక్కలతో మొదలుపెట్టాలి? ఆకాశం, నీళ్లు వచ్చిన చోటే ఎందుకు ఆగిపోతున్నాం? మన ఫొటోతో పజిల్ చేసుకోవడం ఎలా? ఇక చివరి ప్రశ్న కొంచెం మొహమాటంగా వస్తుంది: రాత్రి తొమ్మిదికి కూర్చుంటే పన్నెండు దాటుతోంది, ఎలా ఆపాలి? అన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను. ఉదాహరణలన్నీ మన నల్లగొండ, పాలమూరు వైపు బొమ్మలే తీసుకున్నాను. తెలిసిన చోటి బొమ్మ అయితే చెప్పింది తొందరగా అర్థమవుతుంది.

ముందే ఒక మాట. సరైన ముక్క దగ్గరికి రాగానే టిక్కుమని అతుక్కుంటుందే, ఆ క్షణం కోసమే మనం ఈ ఆట ఆడతాం. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతులన్నీ ఆ క్షణాన్ని కాపాడుకునేవి. తొందరగా ముగించడమే కావాలనుకుంటే ఇవి మీకు నిదానంగా అనిపిస్తాయి.

ఏమేం కావాలి

ఫోన్ చాలు. ట్యాబ్ ఉంటే ఇంకా సుఖం. నూటయాభై ముక్కలు దాటాలంటే మాత్రం ల్యాప్‌టాప్, దానికి ఒక మౌస్ ఉండాలి. టచ్‌ప్యాడ్ మీద ముక్కలు లాగితే గంటలోపే మణికట్టు నొప్పి పెడుతుంది.

నెట్ ఎక్కువ ఖర్చు కాదు. వెబ్‌సైట్‌లో బొమ్మ ఒక్కసారి లోడ్ అయితే చాలు. డేటా తినేది మధ్యలో వచ్చే వీడియో ప్రకటనలే.

కళ్లద్దాలు వాడేవాళ్లు పెట్టుకునే ఆడండి. అద్దాలు తీసి ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే తర్వాత తలనొప్పి.

1. ఎక్కడ ఆడాలో తేల్చుకోండి

బ్రౌజర్‌లో ఆడేవి, యాప్‌లో ఆడేవి అని రెండు రకాలు. కొత్తవాళ్లకు నేను బ్రౌజరే చెబుతాను. జిగ్‌సా ప్లానెట్ అనే సైట్‌లో 4 ముక్కల నుంచి 300 దాకా ఎంచుకోవచ్చు, అకౌంట్ లేకుండానే ఆడొచ్చు. జిగ్‌సా ఎక్స్‌ప్లోరర్‌లో అంచు ముక్కలు మాత్రమే చూపించే సదుపాయం ఉంది. లింక్ పంపి ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పజిల్ ఆడే వీలు కూడా ఉంది. మిర్యాలగూడలో అమ్మ, అమెరికాలో కూతురు ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని ఒకే బొమ్మ కలపొచ్చు. ఇది చాలామందికి తెలియదు, తప్పకుండా చేసి చూడండి.

యాప్ వేసుకుంటే మూడు విషయాలు చూసుకోండి. కాంటాక్ట్స్, మెసేజ్‌ల పర్మిషన్ అడిగితే ఇవ్వొద్దు. బొమ్మలు కలిపే ఆటకు వాటితో పని లేదు. "మూడు రోజులు ఫ్రీ" అన్న చోట ఆటోపే (ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్ కావడం) ఒప్పుకుంటున్నారేమో చదవండి. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ నొక్కి, పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ లోకి వెళ్లి అక్కడ క్యాన్సిల్ చేయాలి.

మూడోది ముఖ్యం. బొమ్మ కలిపితే డబ్బులిస్తాం, ముందు కొంచెం కట్టండి అనే యాప్ కనిపిస్తే వెంటనే బయటికి వచ్చేయండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

2. ముక్కల సంఖ్య స్క్రీన్‌ను బట్టి పెట్టుకోండి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ఎవరో 300 ముక్కలు ఆడుతున్నారని ఫోన్‌లో 300 పెట్టుకుంటారు. ముక్క గోరంత కూడా ఉండదు. వేలు పెడితే ముక్కే కనిపించదు. మజా రాకముందే విసుగు వస్తుంది.

ఫోన్‌లో మొదట 24, అలవాటయ్యాక 48. డెబ్బై దాటొద్దు. ట్యాబ్‌లో 100 నుంచి 150. ల్యాప్‌టాప్‌లో 150తో మొదలుపెట్టి 300కు వెళ్లండి. ఆరేడేళ్ల పిల్లలకు 12 చాలు. పెద్దవయసు వాళ్లకు కూడా చూపును బట్టి 24 దగ్గరే ఉంచండి.

ముక్కలు తిప్పే సదుపాయం (రొటేషన్) మొదట ఆపి ఉంచండి. అది ఆన్‌లో ఉంటే ప్రతి ముక్కను నాలుగు దిక్కులా తిప్పి చూడాలి. 48 ముక్కల పజిల్ కూడా చాలా కష్టమవుతుంది. తిప్పకుండా 150 ముక్కలు హాయిగా కలపగలిగాక ఆన్ చేసుకోండి. అప్పుడు అదొక కొత్త ఆటే.

3. బొమ్మను చూసి ఎంచుకోండి

చూడటానికి అందంగా ఉన్న బొమ్మలన్నీ కలపడానికి బాగుండవు. రంగులు వేరువేరుగా ఉండాలి, గీతలు ఉండాలి, అక్షరాలుంటే మరీ మంచిది. మొదటి పజిల్‌కు సంత, కూరగాయల అంగడి, ఇళ్ల వరస, బతుకమ్మల ఫొటో తీసుకోండి. బతుకమ్మలో తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి నారింజ వరసలుగా ఉంటాయి. ఏ ముక్క ఏ వరసదో చూడగానే తెలుస్తుంది.

ఆ తర్వాత అలంపురం గుడులు, భువనగిరి కోట, దేవరకొండ కోట. అన్నిటికన్నా కష్టం పోచంపల్లి చీర దగ్గరి ఫొటో. దాని సంగతి కింద చెబుతాను.

4. ఆట మొదలుపెట్టే ముందు స్క్రీన్ సర్దుకోండి

ఫుల్‌స్క్రీన్ పెట్టండి. ఫోన్ అడ్డంగా తిప్పండి. వెనక రంగును బొమ్మలో లేని రంగుకు మార్చండి. సాగర్ డ్యామ్ ఫొటోకు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెడితే నురగ ముక్కలు కనిపించకుండా పోతాయి. ముదురు బూడిద రంగు చాలా బొమ్మలకు సరిపోతుంది.

బొమ్మ నీడలా వెనక కనిపించే సదుపాయం కొన్ని చోట్ల ఉంటుంది, దాన్ని ఘోస్ట్ అంటారు. పిల్లలకు ఆన్ చేయండి, మీరు ఆపేసుకోండి. పూర్తి బొమ్మ చూడాలంటే ఇమేజ్ బటన్ నొక్కి ఒకసారి చూసి మూసేయండి. నీడ మీద ముక్కలు పెట్టుకుంటూ పోతే వెతికే పనే ఉండదు. ఆ టిక్కుమనే సుఖం కూడా తగ్గిపోతుంది.

ఒకదానికొకటి కలిసే మొదటి రెండు ముక్కలు దొరకగానే ఒక సంగతి తేల్చుకోండి. వాటిని స్క్రీన్ మధ్యలో పెట్టి కలపండి. అతుక్కుంటే ముక్కకు ముక్క ఎక్కడైనా కలిసే రకం. అతుక్కోకపోతే ముక్క దాని అసలు చోట పెడితేనే నిలిచే రకం. ఈ తేడా తెలియక సరైన ముక్కను తప్పు అనుకుని పక్కన పడేస్తారు.

5. అంచులు ముందు, లెక్కపెట్టి

ఒక పక్క నున్నగా ఉన్నది అంచు ముక్క. రెండు పక్కలు నున్నగా ఉంటే మూల ముక్క. మూలలు నాలుగే. ముందు వాటిని వాటి చోట పెట్టేయండి.

అంచు ముక్కలు ఎన్నుండాలో లెక్క తేలికే. నిలువు వరసలు, అడ్డ వరసలు కలిపి, రెట్టింపు చేసి, నాలుగు తీసేయండి. 8×6 అంటే 48 ముక్కల పజిల్. అందులో 24 అంచువే, సరిగ్గా సగం. 20×15 అంటే 300 ముక్కలు. అందులో అంచువి 66 మాత్రమే. అందుకే చిన్న పజిల్‌లో అంచు పూర్తయితే సగం పని అయినట్టే. పెద్దదాంట్లో అంచు అయ్యాకే అసలు ఆట మొదలవుతుంది. లెక్క ప్రకారం ఒక ముక్క తక్కువ వస్తే అంచు కోసం వెతకడం ఆపి ముందుకు వెళ్లండి. అది ఏదో కుప్పలో దాక్కుని ఉంటుంది, దానంతట అదే బయటపడుతుంది.

6. కుప్పలు వేయండి

ఈ పని బోర్ అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. నాకైతే ఆటలో సగం సుఖం ఇక్కడే ఉందనిపిస్తుంది. మనసు నెమ్మదిస్తుంది. కళ్లు బొమ్మకు అలవాటు పడతాయి. తర్వాత ముక్క కావాల్సి వచ్చినప్పుడు అది ఎక్కడో చూసినట్టు గుర్తుకొస్తుంది.

రంగుల పేర్లతో వేరు చేయొద్దు. నీలం అనుకుంటే ఆకాశం, నీళ్లు, చీర అన్నీ ఒకే కుప్పలో పడతాయి. వస్తువును బట్టి వేరు చేయండి: గోడ, గేటు, నీళ్లు, చెట్టు, మనుషులు. ఎందులోకీ రాని ముక్కలకు ఒక కుప్ప ఉంచండి. రెండు వస్తువులు కలిసే చోటి ముక్కలు, అంటే సగం గోడ సగం ఆకాశం ఉన్నవి, వేరే పెట్టండి. చాలా పజిళ్లను విప్పేది అవే. కలపడం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి.

7. ఆకారం చదవడం నేర్చుకోండి

రంగు సాయం చేయని చోట ఆకారమే దిక్కు. లోపలి ముక్కకు నాలుగు పక్కలు. ప్రతి పక్కా బుడిపె అయినా ఉంటుంది, గుంట అయినా ఉంటుంది. ముక్కలు తిప్పే పని లేని పజిల్‌లో ఇలా 16 రకాలే వస్తాయి. ఖాళీ చోటు చుట్టూ నాలుగు ముక్కలూ ఉంటే కావాల్సింది ఏ రకమో ముందే తెలిసిపోతుంది. నలభై నీలం ముక్కల్లో ఆ రకానివి రెండు మూడే ఉంటాయి.

ఖాళీని చూసి మనసులో చదువుకోండి: పైన గుంట, కుడి బుడిపె, కింద బుడిపె, ఎడమ గుంట. తర్వాత కుప్పలో కళ్లతోనే వెతకండి. ప్రతి ముక్కనూ లాక్కొచ్చి పెట్టి చూడొద్దు.

కొన్ని పజిళ్లలో ముక్కలన్నీ ఒకే తీరున కోసి ఉంటాయి, ఒక ముక్కకు పైనా కిందా బుడిపెలు, పక్కలకు గుంటలు, దాని పక్క ముక్కకు అదే అటుదిటు. అక్కడ ఈ పద్ధతి పనిచేయదు. అలాంటి కోత ఉంటే రంగుల బొమ్మలే ఎంచుకోండి.

8. కష్టమైన చోట్లు

ఆకాశం. మబ్బు లేని ఆకాశం కూడా ఒకే నీలం ఉండదు. పైన ముదురు, కిందికి వచ్చేకొద్దీ తెలుపు. ముక్కలను ముదురు నుంచి లేతకు వరసగా పేర్చండి. ఏది ఏ అడ్డ వరసదో సుమారుగా తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆకారం చూడండి. స్క్రీన్ వెలుతురు మరీ తగ్గిస్తే ఈ తేడా కనిపించదు. ఈ కొంతసేపు పెంచుకోండి.

నాగార్జునసాగర్ గేట్లు. అన్ని గేట్లూ ఎత్తిన ఫొటో చూడటానికి గొప్పగా ఉంటుంది, కలపబోతే 26 గేట్లూ ఒకేలా కనిపిస్తాయి. పక్క నుంచి తీసిన ఫొటో అయితే దగ్గరి గేటు వెడల్పుగా, దూరం పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. గేటు ముక్కలన్నిటినీ వెడల్పును బట్టి వరసగా పెట్టండి. గేట్ల మధ్య స్తంభాల మీద ఎండ పడిన పక్క, నీడ పక్క చూడండి. నురగను చివరికి వదిలేయండి. చుట్టూ మూసుకుపోయాక అది ఆకారంతోనే కుదురుతుంది.

పిల్లలమర్రి. మహబూబ్‌నగర్ మర్రి ఫొటో పెట్టుకున్నవాళ్లు ఆకుల దగ్గర చేతులెత్తేస్తారు. ఆకులతో మొదలుపెట్టొద్దు. ఊడలు పట్టుకోండి. అవి పై నుంచి నేల దాకా దిగే గీతలు, కాబట్టి ముక్కలను నిలువుగా కలుపుకుంటూ రావచ్చు. ఊడలన్నీ నిలబడితే మధ్యలో సందులు మిగులుతాయి. ఆకుల మధ్య నుంచి తొంగిచూసే తెల్లటి వెలుతురు చుక్కలే అక్కడ గుర్తులు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. రాయంతా ఒకే రంగు. కానీ వెలుతురు ఒక వైపు నుంచే వస్తుంది, ప్రతి స్తంభానికీ అదే పక్క మెరుస్తుంది. రొటేషన్ ఆన్‌లో ఉన్నప్పుడు ముక్క ఎటు తిరిగి ఉండాలో ఈ మెరుపే చెబుతుంది.

పోచంపల్లి ఇక్కత్. ఇక్కడ ఒకే డిజైన్ పదేపదే వస్తుంది. ఈ ముక్క మొదటి పువ్వుదా, ఐదో పువ్వుదా? జూమ్ చేసి రంగు అంచు చూడండి. ఇక్కత్‌లో నేసే ముందే నూలుకు రంగు అద్దుతారు. అందుకే రెండు రంగులు కలిసే చోట గీత కత్తిరించినట్టు ఉండదు, కొద్దిగా చెదురుతుంది. ఆ చెదురు ఏ రెండు పువ్వులకూ ఒకేలా రాదు. ఒకచోట రెండు పోగులు బయటికి జరిగి ఉంటాయి, ఇంకోచోట నాలుగు. పైగా చెదురు పోగు పొడవునా పోతుంది. పడుగుకు (నిలువు పోగులకు) రంగు వేస్తే పడుగు దారిలో, పేకకు (అడ్డ పోగులకు) వేస్తే పేక దారిలో. అది చూస్తే ముక్క దిక్కు కూడా తెలుస్తుంది. గద్వాల చీర దీనికంటే చాలా తేలిక. అంచు వేరు, ఒడలు వేరు కాబట్టి ముక్కలు తొందరగా విడిపోతాయి.

తరచూ చేసే పొరపాట్లు, వాటిని కనిపెట్టడం

ముక్క పోయింది అని చాలామంది పరేషాన్ అవుతారు. ఆన్‌లైన్‌లో ముక్క పోదు. కలిపిన పెద్ద భాగం కింద ఉంటుంది, లేకపోతే స్క్రీన్ బయట ఉంటుంది. పెద్ద భాగాన్ని పక్కకు జరపండి, జూమ్ పూర్తిగా తగ్గించండి. ముక్కలు సర్దే బటన్ ఉంటే నొక్కండి.

సరైన ముక్కే కానీ అతుక్కోవడం లేదంటే మూడు కారణాలు. కొంచెం దూరంగా వదిలారు. రొటేషన్ ఆన్‌లో ఉండి ముక్క తిరిగి ఉంది. లేదా అది నిజంగా సరైనది కాదు. దగ్గరగా రెండుసార్లు పెట్టి చూడండి. అప్పటికీ కలవకపోతే మూడోదే నిజం. గీత ఒక ముక్క నుంచి ఇంకో ముక్కలోకి తెగకుండా పోతోందా అన్నది గట్టి గుర్తు.

రెండు రోజులు ఆడిన పజిల్ మాయమైందంటే సేవ్ గురించి చూసుకోలేదన్నమాట. చాలా సైట్లు ఆటను మీ బ్రౌజర్‌లోనే దాస్తాయి. ఇన్‌కాగ్నిటో విండోలో ఆడినా, బ్రౌజింగ్ డేటా క్లియర్ చేసినా పోతుంది. ఫోన్‌లో ఆడింది ల్యాప్‌టాప్‌లో కనిపించదు. పెద్ద పజిల్ మొదలుపెట్టే ముందు పది ముక్కలు కలిపి, ట్యాబ్ మూసి, మళ్లీ తెరవండి. అవి అలాగే ఉంటేనే ముందుకు వెళ్లండి.

కుప్ప పెట్టి గుడ్డిగా ఒక్కో ముక్కా ప్రయత్నించడం ఇంకో పొరపాటు. అది మొదలైందంటే కళ్లు అలసిపోయాయని గుర్తు. లేచి నీళ్లు తాగి రండి.

9. ఎలా ఆపాలి

ఇంకొక్క ముక్క అనుకుంటే ఆట ఆగదు. ప్రతి ముక్కా పక్క ముక్కకు దారి చూపిస్తుంది కాబట్టి అది సహజం. పూర్తికాని పని మనసులో ఎక్కువగా మిగులుతుందని బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్ట్ 1927లోనే రాసింది. కాబట్టి మొదలుపెట్టేటప్పుడే ఆగే చోటు అనుకోండి. ఈ రోజు అంచు, రేపు గుడి గోపురం, ఎల్లుండి చెట్లు. అనుకున్న భాగం పూర్తికాగానే స్క్రీన్ మూసేయండి. పూర్తయింది అన్న తృప్తి అప్పుడే ఉంటుంది, లేవడం తేలిక.

అసలు ప్రమాదం పజిల్ పూర్తయ్యాక వచ్చే "తర్వాతి పజిల్" బటన్. రాత్రిపూట దాన్ని నొక్కొద్దు. కొత్త పజిల్ పగలే మొదలుపెట్టాలని నియమం పెట్టుకోండి. ఇది ఒక్కటి పాటించినా చాలామంది రాత్రులు బాగుపడతాయి.

ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అనే సెట్టింగ్స్ ఉన్నాయి. యాప్‌కు రోజుకు ముప్పావు గంట పెట్టండి. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లు, 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. వాకిట్లో చెట్టు చాలు.

నిద్ర, పని, పిల్లల చదువు రోజూ పాడవుతున్నా ఆపలేకపోతుంటే యాప్ తీసేయండి. అప్పటికీ చేతకాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి మాట్లాడండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

10. మీ సొంత ఫొటోతో పజిల్

జిగ్‌సా ప్లానెట్‌లో అకౌంట్ తెరిచి క్రియేట్ నొక్కి ఫొటో ఎక్కించండి. ముక్కల సంఖ్య, కోత తీరు, రొటేషన్ ఎంచుకుని సేవ్ చేయండి. జిగ్‌సా ఎక్స్‌ప్లోరర్‌కు అయితే నెట్‌లో ఉన్న బొమ్మ లింక్ ఇస్తే చాలు. సాగర్, పిల్లలమర్రి, అలంపురం ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నేరుగా వాడొద్దు, అది కుదించి వస్తుంది. 1600×1200 ఫొటోను 300 ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు 80×80 పిక్సెళ్లే మిగులుతాయి, ముఖాలన్నీ మసకబారతాయి. పంపేవాళ్లను డాక్యుమెంట్‌గా పంపమనండి. పరీక్ష తేలిక: ఫోన్‌లో ఫొటోను బాగా జూమ్ చేయండి. కనురెప్పలు, చీర అంచు స్పష్టంగా కనిపిస్తే పనికొస్తుంది.

ఇంట్లోవాళ్ల ఫొటోలు, ముఖ్యంగా పిల్లలవి, ఎక్కించే ముందు ఆ పజిల్ అందరికీ కనిపిస్తుందా అన్నది సెట్టింగ్స్‌లో చూడండి. అందరికీ కనిపించేదే అయితే మనుషులు లేని ఫొటో వాడండి.

పిల్లలున్న ఇంట్లో జిల్లాల మ్యాప్‌తో ఒకటి చేయండి. జిగ్‌సాలు పుట్టింది మ్యాపులతోనే. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ మ్యాపును చెక్కకు అంటించి, దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మాడు. మనకు 33 జిల్లాలున్నాయి. 48 ముక్కలు పెడితే జిల్లా పేర్లు ముక్కల మధ్య తెగిపోతాయి, ఆ అక్షరాలే పిల్లలకు దారి చూపిస్తాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి 2016లో నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019లో నారాయణపేట విడిపోయాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. పాత మ్యాప్ తీసుకుంటే ఇవి ఉండవు కాబట్టి, ఎక్కించే ముందు నారాయణపేట, ములుగు పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ రెండూ ఉంటే మ్యాప్ 2019 తర్వాతది.